కాగితం మీద లేని ట్రెమర్

నరాల డాక్టరమ్మ దగ్గర పంతొమ్మిదేళ్ళు ఆయాగా పనిచేశాను. నాకు వచ్చిన ఇంగ్లీషు మాటలు మొత్తం ఇరవై ఉంటాయేమో. అందులో పంతొమ్మిది ఎవరికైనా వస్తాయి. వాటర్, వెయిట్, లిఫ్టు, సారీ, అలాంటివి. ఇరవయ్యోది ట్రెమర్. దాని అర్థం ఏమిటి, ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు అన్న సంగతి లక్ష్మీనగర్ నుంచి వైశాలి మెట్రో దాకా మా మేడమ్ తర్వాత నాకే తెలుసని ధైర్యంగా చెప్పగలను.

క్లినిక్కుల్లో ఈ పనికి కొత్తగా చేరే పిల్లల కోసం ఇది చెబుతున్నాను. నేను చదివింది మూడో తరగతి, అదీ పూర్తిగా కాదు. అందుకని నేను చెబుతుంటే మా పక్క వాటాలోని సుజాతమ్మ రాస్తోంది. నా గొంతు గరగరమంటుంది కాబట్టి ఒక్కో మాట రెండుసార్లు అడుగుతోంది. నా పేరు అప్పలనరసమ్మ, మాది శ్రీకాకుళం వైపు. మా ఆయన ఇక్కడ ఢిల్లీలో సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసులో ప్యూనుగా చేస్తూ పోయారు. ఆ తర్వాత నేను ఈ పనిలో చేరాను. జీతం ఎప్పుడు పెరిగింది, యూనిఫారం రంగు ఎన్నిసార్లు మారింది అనేవి మీకెందుకు? పనికొచ్చేది చెబుతాను.

ఆ మాట అర్థం

మా డాక్టర్ మాథుర్ మేడమ్ మనిషి పొట్టి, కేక పొడుగు. హిందీలోనే మాట్లాడేవారు. ఆవిడ మాటలు తెలుగులో చెప్పుకొస్తాను, తిట్లు కొన్ని వదిలేస్తాను.

చేరిన మొదటి వారంలో ఒక పెద్దాయన చేతులు ఆడుతుంటే లోపలికి వెళ్ళి, భయపడిపోయి వణుకుతున్నాడమ్మా అని చెప్పాను. మేడమ్ పెన్ను కింద పెట్టారు.

"చెయ్యి ఆడడం నువ్వు చూశావు. భయం ఎక్కడ చూశావు?"

నేను తలుపులోంచి ఆ పెద్దాయన వైపు మళ్ళీ తొంగి చూశాను.

"భయం నువ్వు కలిపావు. చూసింది చెప్పు, కలిపింది చెప్పకు. చూసినదాని పేరు ట్రెమర్."

అప్పటి నుంచి ఒక్కో సందర్భంలో ఒక్కో ముక్క నేర్పారు. ట్రెమర్ అంటే చిన్న ఆట. గడియారంలో లోలకంలా ఒక లెక్కలో అటు వెళ్ళి ఇటు వస్తుంది. ఆ చేతి మనిషి రమ్మంటే వచ్చేది కాదు, పొమ్మంటే పోయేది కాదు. మూర్ఛలో ఒళ్ళంతా కొట్టుకోవడం ట్రెమర్ కాదు. ఉలిక్కిపడడం కాదు. జనవరిలో ఢిల్లీ చలికి పళ్ళు టకటకలాడడాన్ని మన క్లినిక్కులో ఆ పేరుతో పిలవరు. చేతికే కాదు, గడ్డానికి వస్తుంది, తలకు వస్తుంది, గొంతుకు కూడా వస్తుంది. నా గొంతు విని, నాకూ ఉందా మేడమ్ అని ఒకసారి అడిగాను. నీది ట్రెమర్ కాదు, గొంతు చించుకుని అరవడం వల్ల వచ్చింది అన్నారు.

ఇందులో మీరు తప్పక గుర్తుపెట్టుకోవలసిన రకాలు రెండు. మొదటిది, చెయ్యి ఊరికే ఒళ్ళో ఉన్నప్పుడు ఆడుతుంది, కప్పు అందుకోగానే తగ్గుతుంది. రెండోది, ఒళ్ళో ఉన్నప్పుడు బుద్ధిగా ఉంటుంది, కప్పు నోటిదాకా తెచ్చేసరికి మొదలవుతుంది. ఈ రెండో రకం చాలా ఇళ్ళలో తండ్రికీ ఉంటుంది, కొడుక్కీ ఉంటుంది. ఇవి కాక ఇంకా ఉన్నాయి గానీ, అవి డాక్టర్లు చూసుకుంటారు.

మరి ఈ ఇంగ్లీషు మాటతో మనకేం పని, వణుకు అనే మాట ఉందిగా అంటారు. ఉంది. కాని వణుకు అనగానే వినేవాళ్ళు ఎందుకని అడుగుతారు. జవాబు కూడా వాళ్ళే చెప్పేసుకుంటారు. చలి, భయం, ముసలితనం, తప్పు చేసి ఉంటాడు, తాగి ఉంటాడు. ట్రెమర్ అన్న మాట ఎవరి మీదా నేరం మోపదు. ఢిల్లీలో నేల కాస్త కదిలినప్పుడు టీవీ వాళ్ళు కూడా ఇదే మాట వాడతారు. ట్రెమర్స్ వచ్చాయి అంటారు. భూమి రాత్రి ఏం తాగిందని ఎవరూ అడగరు.

అలా ఒకసారి మా క్లినిక్ మూడో అంతస్తులో ఉండగా నేల కదిలింది. ఫ్యాను ఊగింది, అందరూ మెట్ల మీదకు పరిగెత్తారు. ఎప్పుడూ చేతులు ఆడే పంజాబీ పెద్దాయన ఒక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. లేవండి అంకుల్ అని చెయ్యి పట్టుకుంటే నవ్వాడు. "ఉండవమ్మా, ఇన్నాళ్ళకి అందరూ మా కులంలో కలిశారు, కాసేపు చూడనీ" అన్నాడు.

నిండు గ్లాసు

మా మేడమ్ పద్ధతి ఒకటుండేది. బయట కూర్చున్న ప్రతి పేషంటుకూ నేను స్టీలు గ్లాసు నిండా, అంచు దాకా మంచినీళ్ళు ఇవ్వాలి. ఆవిడ అద్దం తలుపులోంచి చూస్తుంటారు. లోపలికి వచ్చాక చెయ్యి చాపమంటే మనిషి బిగుసుకుంటాడు. నీళ్ళు తాగేటప్పుడు దొరికిపోతాడు. పరీక్ష అక్కడే సగం అయిపోయేది.

నాకది రాక్షస పని అనిపించేది. పెద్దవాళ్ళు నలుగురిలో చీర మీద, చొక్కా మీద నీళ్ళు ఒలకబోసుకుంటుంటే చూడలేక, చేతులు ఆడేవాళ్ళకి సగం గ్లాసే పోసేదాన్ని. వైశాలి నుంచి వచ్చే ఒక టీచరమ్మకి మూడుసార్లు అలాగే ఇచ్చాను. ఆవిడ ఆశీర్వదించింది కూడా. నాలుగోసారి నేను సెలవులో ఉంటే ఇంకొకామె నిండుగా పోసింది. టీచరమ్మ ఒడి తడిసింది, మేడమ్ కళ్ళు తెరుచుకున్నాయి, మందు మారింది, చెయ్యి కుదుటపడింది. ఆ మూడుసార్లలో పోయిన నెలలు నా ఖాతాలోవే.

మర్నాడు మేడమ్ నన్ను నిలబెట్టి అడిగారు, నీ దయ ఎవరి కోసం, ఆవిడ కోసమా, చూడలేని నీ కళ్ళ కోసమా అని. బుద్ధి వచ్చిందనుకున్నాను. రాలేదని ఆచార్యులు గారి విషయంలో తేలింది.

ఆచార్యులు గారి చెయ్యి

మా ఇంటికి రెండు వీధుల అవతల మన తెలుగువాళ్ళు కట్టుకున్న చిన్న వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. అక్కడి అర్చకులు శేషాచార్యులు గారు. గుడి వెనక గదిలో ఆయనా, ఆయన భార్య ఆండాళమ్మ గారూ ఉండేవారు. ఇద్దరికీ అరవై దాటాయి. ఇంకెక్కడా ఇల్లు లేదు, ఇంకే పనీ రాదు.

ఆయన కుడిచెయ్యి కొన్నాళ్ళుగా తేడాగా ఉంది. మంత్రం చదువుతూ కూర్చుంటే ఏమీ లేదు. ఉద్ధరిణిలో తీర్థం తీసి మన అరచేతి మీదకు తెచ్చేసరికి గరిటె ఆడేది. తీర్థం సగం చేతిలో, సగం మోచేతి మీద. ఆ తర్వాత శఠారి. మామూలుగా తలమీద ఒకసారి మెత్తగా ఆనిస్తారు కదా, ఈయన పెడితే టకటకటకమని నాలుగైదుసార్లు తగిలేది. బట్టతల వాళ్ళు కాస్త వెనక నిలబడేవారు. మేం ఆడవాళ్ళం కొప్పులు పెట్టుకుని ముందుకెళ్ళేవాళ్ళం.

నవ్వుకున్నంతకాలం బాగానే ఉంది. ముక్కోటి ఏకాదశినాడు నోయిడా నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ అబ్బాయి తెల్ల పట్టుచొక్కా మీద పచ్చకర్పూరం తీర్థం ధారగా పోయింది. ఆ అబ్బాయి ఫోన్‌లో చూసి, పొద్దున్నే చేతులు ఇలా ఆడుతున్నాయంటే రాత్రి అలవాటు ఉన్నట్టే అంకుల్ అని కమిటీ వాళ్ళతో అన్నాడట. సాయంత్రానికి ఆ మాట అందరి నోళ్ళలోకి వచ్చింది. ఆచార్యులు గారు తాగుతారు. కాఫీ కూడా మానేసి ఇరవయ్యేళ్ళయిన మనిషి.

కమిటీ సెక్రటరీ రామ్మోహన్రావు గారు. ఏదో శాఖలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారు గానీ ఆఫీసు ఆయన్ని వదల్లేదు. పులిహోరలో ఉప్పు ఎక్కువైందని నోటు రాసి, దాని కిందే 'చర్చించడమైనది' అని తానే రాసి సంతకం పెట్టుకున్న మనిషి. చెడ్డవాడని నేను అనను. నోటిమాట వినడు, కాగితం వింటాడు, అంతే. నరాల డాక్టరు జబ్బని రాసిస్తే వైద్యం చేయిస్తాం, జబ్బు లేదంటే ఆచార్యులు గారు పదవీ గదీ వదిలిపెట్టాలి అని తీర్మానం రాశారు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో చెప్పింది నేనే.

గులాబీ మాత్ర

ఇప్పుడు చెప్పేది బాగా వినండి పిల్లలూ. సుజాతమ్మా, ఇది అక్షరం పోకుండా రాయి.

ఆ రోజు ఆచార్యులు గారు గంట ముందే వచ్చి మా వెయిటింగ్ హాల్లో కూర్చున్నారు. సెక్రటరీ గారు ఇంకా రాలేదు. ఆయన బయట నీళ్ళు ముట్టరు కాబట్టి నిండు గ్లాసు పరీక్ష కుదరదు. ముఖం చూస్తే పాలిపోయి ఉంది. "నరసమ్మా, వాళ్ళ ఎదురుగా చెయ్యి ఆడిందంటే ఇంక నిజమే అనుకుంటారు కదా" అన్నారు.

ఆ మాటకు మీరైతే ఏమనాలి? ఆడనివ్వండి స్వామీ, ఆడితేనే మేలు అనాలి. అప్పటికి పన్నెండేళ్ళు అక్కడ పనిచేసి కూడా నాకు అదే తోచలేదు. కమిటీ ముందు ఆయన పరువు పోకూడదు అనే తోచింది. ఇలాంటి చేతులకు మేడమ్ ఏ మాత్ర రాస్తారో నాకు తెలుసు. కంపెనీ వాళ్ళిచ్చే శాంపిల్ మాత్రల సొరుగు తుడిచేది నేనే, తాళం నా దగ్గరే. గులాబీ రంగు మాత్ర ఒకటి తీసి, ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్న మరచెంబు నీళ్ళతో వేయించాను. ధైర్యానికి స్వామీ అన్నాను. పాపం, కళ్ళకద్దుకుని మింగారు.

గంట గడిచేసరికి సెక్రటరీ గారు ఫైలుతో వచ్చారు. లోపల మేడమ్ అన్ని పరీక్షలూ చేశారు. చేతులు చాపమన్నారు. వేలితో ముక్కు తాకమన్నారు. కాగితం మీద చుట్లు చుట్లుగా గీయమన్నారు. ఆచార్యులు గారి చెయ్యి రాతి విగ్రహం చెయ్యిలా ఉంది. నేను పక్కన నిలబడి లోపల్లోపల గర్వపడ్డాను కూడా.

ఆయనకు హిందీ అంతంతమాత్రం, మేడమ్‌కు తెలుగు సున్నా. మధ్యలో నేను. ఈ జబ్బుకి అందరినీ అడిగే ప్రశ్న ఒకటుంది. కొందరికి ఓ గుక్క సారా పుచ్చుకుంటే ఈ ఆట కాసేపు తగ్గుతుంది, అది చూసి జబ్బు రకం పట్టుకుంటారు. మేడమ్ మామూలుగా అడిగేశారు. నేను గొంతు సవరించుకున్నాను.

"స్వామీ, ఇది మేడమ్ అడుగుతున్న మాట, నాది కాదు. ఎప్పుడైనా కాస్త పుచ్చుకుంటే చెయ్యి నిమ్మళించినట్టు ఉంటుందా అంటున్నారు."

ఆచార్యులు గారు రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. ఆ చేతులు కూడా కదల్లేదు. సెక్రటరీ గారు ఫైల్లో ఏదో రాసుకున్నారు.

మేడమ్ చూసింది రాస్తారు, కలిపింది రాయరు. చీటీ మీద 'నో ట్రెమర్' అని రాశారు. నెల తర్వాత మళ్ళీ చూస్తానన్నారు గానీ, ఆ మాట నోటితో అన్నారు, కాగితం మీద లేదు.

ఆండాళమ్మ గారి ప్రశ్న

సెక్రటరీ గారు ఆ రెండు మాటల కింద ఎర్రగీత గీశారు. జబ్బు లేదు, డాక్టరే తాగుడు గురించి అడిగింది, ఇంకేం కావాలి? పౌర్ణమి లోపు గది ఖాళీ చెయ్యాలని నోటీసు ఇచ్చారు. చూడండి, వణుకు అన్న మాట మనిషి మీద నేరం మోపుతుందని చెప్పానా, ఆ నేరం నుంచి కాపాడే ట్రెమరే లేదని కాగితం మీద రాస్తే ఆ నేరానికి సీలు పడుతుంది.

మర్నాడు ఆండాళమ్మ గారు మా ఇంటికి వచ్చారు. నాలాంటి వాళ్ళ ఇంటికి ఆవిడ రావడం అదే మొదటిసారి. కుర్చీ వేస్తే అంచు మీద కూర్చున్నారు. ఏడవలేదు. సామాను ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదని, బేర్ సరాయ్‌లో చదువుకునే పిల్లలు అద్దెకుండే గదుల్లాంటిది ఒకటి చూసిపెట్టమని అడగడానికి వచ్చారు. ఇద్దరు ముసలివాళ్ళు, వంటకు మడి, అంత ఇరుకులో. లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగారు.

"నాకు ఒక్కటే అంతుబట్టడం లేదు నరసమ్మా. ఇంటికొచ్చాక సాయంత్రం ఆరాధనలో మళ్ళీ ఆయన చేతిలో గంట ఆగకుండా మోగింది. అక్కడ డాక్టరమ్మ ముందు ఆ కాసేపు చెయ్యి ఎలా ఆగిందంటావు? స్వామి మహిమేనా?"

ఆవిడ మొహంలో ఎగతాళి లేదు. నిజంగానే అడిగారు. మహిమే అంటే సరిపోయేది. నోట్లో మాట తిరిగింది కూడా. కాని స్వామి పేరు మీదకు నా సొరుగు తాళంచెవి తొయ్యడానికి మనసొప్పలేదు.

"కాదమ్మా, నా మహిమ" అన్నాను. మొత్తం చెప్పాను.

ఆవిడ వెనక్కి వచ్చి మళ్ళీ కుర్చీ అంచు మీద కూర్చున్నారు. "అయితే రేపు పొద్దున మీ డాక్టరమ్మకి కూడా ఇలాగే చెబుతావా?" అన్నారు. అంతే. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

మేడమ్ దగ్గర

మేడమ్ సమోసా తింటున్న వేళ చూసి చెప్పాను. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు ఆవిడ కోపం రెట్టింపు. మొత్తం విని సమోసా పక్కన పెట్టేశారు, అప్పుడే నాకు అర్థమైంది.

"ఆయనకు ఉబ్బసం ఉందో లేదో అడిగావా?"

"లేదు మేడమ్."

"నాడి చూశావా? ఆ మాత్ర కొందరికి ఊపిరి ఆడనివ్వదు. ఇంకొందరికి గుండె నెమ్మదిచేసి కింద పడేస్తుంది. నీ దయకి ఆయన చచ్చిపోయి ఉంటే, పరువుతో చచ్చాడని చెప్పేదానివా?"

ఈసారి ఆవిడ కేకలు వెయ్యలేదు. మెల్లగా అన్నారు. పంతొమ్మిదేళ్ళలో ఆవిడంటే నాకు భయం వేసింది ఆ ఒక్కసారే. సొరుగు తాళంచెవి చెయ్యి చాచి తీసుకున్నారు, నేను పని మానేదాకా తిరిగి ఇవ్వలేదు. ఉద్యోగం తీసేస్తారనుకున్నాను. తీసేయలేదు. దానికి బదులు ఇంకా కష్టమైనది చెప్పారు. సెక్రటరీ గారిని పిలిపించి, ఆయన ముందు నా నోటితో నేనే చెప్పాలి. ఆచార్యులు గారు మాత్ర లేకుండా రావాలి. వచ్చేటప్పుడు ఆయన పని సామాను తెచ్చుకోవాలి.

"చెయ్యి ఏ పనిలో ఆడుతుందో ఆ పనిలో చూడాలి. నేను దర్జీని కత్తెరతో చూశాను, మంగలిని కత్తితో చూశాను. పూజారిని వట్టి చేతులతో చూడడం నా తప్పు" అన్నారు. పైవాళ్ళు మన తప్పుతో పాటు తమ తప్పు కూడా చెప్పడం నేను ఆవిడ దగ్గర తప్ప ఎక్కడా చూడలేదు. మీకు అలాంటి బాస్ దొరికితే తిట్లు భరించి అక్కడే ఉండండి.

క్లినిక్కులో తీర్థం

పౌర్ణమికి నాలుగు రోజుల ముందు కుదిరింది. ఆచార్యులు గారు పంచపాత్ర, ఉద్ధరిణి, పట్టుగుడ్డలో చుట్టిన శఠారి తెచ్చారు. ఆండాళమ్మ గారు చెంబుతో తులసి నీళ్ళు తెచ్చారు. సెక్రటరీ గారు ఫైలు తెచ్చారు.

ముందు నా వంతు. మాత్ర సంగతి చెప్పాను. సెక్రటరీ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది నోటిమాట. రికార్డు మీదకు ఎలా తేవడం?"

"మీరు రాయండి బాబూ, నేను సంతకం పెడతాను."

మూడు పేరాలు రాశారు. చదివి వినిపించారు. అందులో నేను 'అనధికారికంగా ఔషధ ప్రయోగం' చేశానట. నాకే భయమేసింది, ఎంత పెద్ద పని చేశానో అని. నా పేరు ఒక్కో అక్షరం పేర్చుకుంటూ రాస్తుంటే పెన్ను గజగజలాడింది. ట్రెమరా మేడమ్ అని సెక్రటరీ గారు ఇంగ్లీషులో అడిగారు. కాదు, ఇది చేసిన పనికి అన్నారు మేడమ్.

తర్వాత మేడమ్ కుర్చీలోంచి లేచారు. చెప్పులు విడిచారు. ఆచార్యులు గారి ఎదురుగా కుడి అరచెయ్యి గుంట చేసి పట్టుకున్నారు. నేను ఎంతమందికో నీళ్ళ గ్లాసు ఇచ్చాను గానీ, ఆవిడ ఒక పేషంటు ముందు చెయ్యి చాచి నిలబడడం అప్పుడే చూశాను.

ఆచార్యులు గారు మంత్రం మొదలుపెట్టారు. ఉద్ధరిణి ముంచారు. పాత్రలో ఉన్నంతసేపు బాగుంది. పైకి లేచింది, మేడమ్ చెయ్యి దగ్గరికి వచ్చింది, ఆట మొదలైంది. తెల్లకోటు చేతి మీద, మందుల చీటీల పుస్తకం మీద, కంప్యూటర్ మీటల మీద. అరచేతిలో పడింది రెండు చుక్కలు. మేడమ్ ఆ రెండు చుక్కలూ తాగి, మళ్ళీ అన్నట్టు చెయ్యి చాచారు. మూడుసార్లు. కళ్ళు ఆయన ముఖం మీద లేవు, మణికట్టు మీదే ఉన్నాయి.

"అచ్ఛా, ఆ కిరీటం కూడా" అన్నారు శఠారి చూపించి. తాను కూర్చుని, సెక్రటరీ గారిని ముందుకు పంపారు. ఆయనది ఒక్క వెంట్రుక లేని తల. ఆచార్యులు గారు సంకోచంగా పెట్టారు. గది నిశ్శబ్దంగా ఉందేమో, టకటకటకటకమని స్పష్టంగా వినిపించింది. మేడమ్ వాచీ చూసుకుంటూ లెక్కపెట్టారు. సరిగ్గా లెక్క తేలేదాకా తియ్యవద్దని చెప్పమన్నారు, నేను చెప్పాను. నిజం చెప్పాలంటే, మేడమ్ ఆపమన్న తర్వాత కూడా నేను తెలుగులో చెప్పడం కాస్త ఆలస్యమైంది. పన్నెండేళ్ళ దుబాసీ పనిలో అదొక్కటే నేను కావాలని చేసిన ఆలస్యం.

తర్వాత మామూలు ప్రశ్నలు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగారు. ఆచార్యులు గారు తల ఊపారు.

"మా నాయనగారికి ఉండేది. ఆయన తీర్థం ఇస్తే జల్లు పడ్డట్టు ఉండేదమ్మా. మా ఊళ్ళో జనం అదో అదృష్టమనుకునేవారు. ఎవ్వరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు."

చివరి ముక్క అంటున్నప్పుడు ఆయన గొంతు కూడా చేతిలాగే అయింది. నేను దాన్ని హిందీలో చెప్పాను. మేడమ్ పాత చీటీ కొట్టేసి, కొత్తది రాశారు. పనిచేసేటప్పుడు వచ్చే ట్రెమర్, తండ్రి నుంచి వచ్చింది, తాగుడుతో సంబంధం లేదు. చివరి వాక్యం సెక్రటరీ గారు అడక్కముందే రాశారు, ఎర్రపెన్నుతో ఆవిడే గీత కూడా గీశారు. మీ పని తగ్గించాను అన్నారు.

సెక్రటరీ గారు రెండుసార్లు చదివారు. జేబురుమాలుతో తల తుడుచుకున్నారు. ఆచార్యులు గారి వైపు తిరిగి ఏదో అనబోయారు, నోటిమాట అలవాటు లేక ఆగిపోయారు. చివరికి ఫైల్లోంచి నోటీసు కాగితం తీసి, 'ఉపసంహరించడమైనది' అని రాసి, కింద తేదీ వేసి, రెండు చేతులతో ఆయనకు ఇచ్చారు. ఆయన భాషలో అది కాళ్ళ మీద పడడమే. ఆండాళమ్మ గారు ఆ కాగితం తీసుకుని మడతపెట్టి బొడ్లో దోపుకున్నారు.

మిగిలింది

మాత్రతో మొత్తం తగ్గదని మేడమ్ ముందే చెప్పారు. నాడి, ఊపిరి అన్నీ చూసి చిన్న మోతాదు ఇచ్చారు. సగం తగ్గింది. మిగతా సగానికి కిటుకు నేర్పారు. బరువైన ఉద్ధరిణి వాడాలి, మోచెయ్యి డొక్కకు ఆనించాలి, ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకోవాలి.

పిల్లలూ, మీకు చెప్పేది ఇంతే. మీ ఎదురుగా చెయ్యి ఆడితే అడ్డం వెళ్ళకండి. సగం గ్లాసు పొయ్యకండి, సొరుగు తియ్యకండి. ఆ ఆట చూడవలసిన వాళ్ళు చూసేదాకా చూడలేకపోతే మీ కళ్ళు మీరే మూసుకోండి. నవ్వొస్తే మాత్రం తర్వాత నవ్వుకోవచ్చు, నేను చాలా నవ్వాను.

ఆచార్యులు గారు ఇప్పటికీ ఆ గుడిలోనే ఉన్నారు. మోచెయ్యి ఆనించి, ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని, కాస్త ముందుకు వంగి తీర్థం ఇస్తారు. చూసేవాళ్ళకి అది మహా వినయంగా ఉంటుంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, తీర్థం పుచ్చుకునేవాళ్ళు కూడా ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని చెయ్యి చాచడం మొదలుపెట్టారు. ముందు ఇద్దరు ముగ్గురు, తర్వాత వరస మొత్తం.

మొన్న శనివారం ఒక కొత్త జంట వచ్చి మామూలుగా ఒట్టి చెయ్యి చాచారు. రామ్మోహన్రావు గారు వాళ్ళను మర్యాదగా పక్కకు పిలిచారు.

"అలా కాదమ్మా, ఇదిగో, మణికట్టు ఇలా పట్టుకోవాలి. ఇది మన వైష్ణవ సంప్రదాయంలో చాలా పాత పద్ధతి. నోటీసు బోర్డు మీద కూడా పెట్టించాను, చూడండి."

వరసలో వాళ్ళ వెనక నేనే ఉన్నాను. ఆచార్యులు గారు పంచపాత్ర మీది నుంచి నా వైపు చూసి, పెదవులు బిగబట్టుకున్నారు. నేను తల వంచి, బుద్ధిగా ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని చెయ్యి చాచాను.